తల్లి లేని బిళ్ళ

ఒంటి మీద గడ్డలా బిళ్ళ కట్టినప్పుడు బిళ్ళను చూస్తూ కూర్చోకూడదు, దాని తల్లిని వెతకాలి. నేను కోడలిగా ఆ ఇంట అడుగుపెట్టిన నెలలోనే మా అత్త కెంచమ్మ నాకు నేర్పిన విద్య ఇంతే. గజ్జల్లో బిళ్ళ కడితే ఆ కాలిలో ఎక్కడో ముల్లు విరిగి ఉంటుంది. చంకలో అయితే చేతికి కొడవలి గాటు పడి ఉంటుంది. దవడ కింద అయితే పన్ను పుచ్చి ఉంటుంది. ఆ పుండే తల్లి. అది దొరికితే కడిగి, బిళ్ళ మీద గోరువెచ్చని ఆముదం రాసి, నిప్పుల మీద వాడ్చిన ఆముదపాకు కట్టాలి. తొమ్మిది రోజుల్లో బిళ్ళ కరుగుతుంది. తల్లి దొరకకపోతే ఆ బిళ్ళ మనది కాదు; చెయ్యి పెట్టకూడదు.

నిడుగల్లు చుట్టుపక్కల పల్లెల వాళ్ళు మా గడపకు వచ్చేవారు. వేరుశనగ చేనికి నాలుగు గట్ల మీదా ఆముదం చెట్లు వేసే, కన్నడ రాష్ట్రంలోని తెలుగు సీమ మాది. వచ్చినవాళ్ళు దోసెడు గింజలు తెచ్చి మా చేటలో పోసేవారు. అంతకు మించి తీసుకోవడం ఆ ఇంటి ఆచారం కాదు. ఆ గింజలను వేయించి, రోట్లో దంచి, నీళ్ళలో ఉడికించి, పైకి తేలిన నూనెను గరిటెతో తీసి మళ్ళీ కాచేదాన్ని. లోపల నీటి చుక్క ఉన్నంతసేపూ నూనె చిటపటలాడుతుంది. చప్పుడు ఆగాక దించాలి.

అప్పటికే మా అత్త కళ్ళకు పొరలు కమ్మాయి. అందువల్ల పని ఇద్దరి మధ్య విడిపోయింది. బిళ్ళను తడిమేది ఆమె వేళ్ళు, తల్లిని వెతికేది నా కళ్ళు. “ఉండాదా?” అని ఆమె అడిగేది. నేను ఉందనో లేదనో చెప్పేదాన్ని. నా మాట మీద ఆమె చెయ్యి కదిలేది.

ఎనభై అయిదో సంవత్సరం కార్తీకంలో మా వీధి చివరి ఇంటి ఎర్రప్ప తన కూతురు దాసమ్మను వెంటబెట్టుకొని వచ్చాడు. బడికి పోయే పదమూడేళ్ళ పిల్ల. ఎడమ చెవి కింద, మెడ మీద, చింతగింజంత బిళ్ళ.

మా అత్త తడిమింది. “కదుల్తాండాది. నొప్పి ఉండాదా పాపా?”

“లేదవ్వా. నాయనే ఊరికే భయపడి పిల్చుకొచ్చినాడు.”

“తల్లిని చూడు అమ్మీ,” అంది మా అత్త నాతో.

నోరు తెరిపించి చూశాను. పళ్ళు తెల్లగా, గట్టిగా ఉన్నాయి. చెవిలో చీము లేదు. గొంతు ఎర్రబడలేదు. జుట్టు పాయలు తీసి వెతికాను. చెవి వెనుక ఆవగింజంత పొక్కు కనిపించింది. పేలు కుడితే గోక్కోగా ఎండిన పొక్కు. అటువంటిది ఆ ఊళ్ళో ప్రతి ఆడపిల్ల తలలోనూ ఉంటుంది. ఆ సంగతి నాకు తెలుసు.

ఎర్రప్ప చేతుల నిండా చేనిమట్టి. కాయలు పీకే పని వదిలేసి వచ్చాడు. నా ముఖంలోకే చూస్తున్నాడు.

“ఉండాది,” అన్నాను.

ఆ మాట ఎందుకన్నానని ఎన్నో ఏళ్ళుగా నన్ను నేను అడుగుతున్నాను. జాలి అని చెప్పుకుంటే సులువుగా ఉంటుంది. అది జాలి కాదు. వెతకడం తన పనిగా పెట్టుకున్న మనిషికి దొరకలేదని చెప్పడం చిన్నతనంగా ఉంటుంది. కళ్ళు చూసిన దానికి నోరు మరో పేరు పెట్టింది. ఆ పేరును నమ్మి ఒక గుడ్డి ముసలామె నూనెలో వేళ్ళు ముంచింది.

తొమ్మిది రోజులు నలభై రోజులయ్యాయి. పుష్యంలో ఒక ఉదయం మా అత్త దాసమ్మ మెడ మీద నుంచి చెయ్యి చటుక్కున వెనక్కు తీసుకుంది. పిల్లను పంపేసి నన్ను పిలిచింది.

“మూడైనాయి. ఒకదాన్నొకటి కరుచుకొని కూర్చున్నాయి. కదల్తాలేవు. ఆ పొద్దు నువ్వు చూసిన తల్లి ఎట్లాంటిది? నిజం చెప్పు.”

చెప్పాను.

ఆమె చేతికున్న నూనెను కొంగుకు తుడుచుకుంది. “ఇది గండమాల. మా అమ్మ కాలంలో ఇట్లాంటివి పగిలి, మెడ చుట్టూ పుండ్లై, మనుషులు పోయినారు. ఇప్పుడు ఆస్పత్రిలో మాత్రలు ఉండాయంట. ఎర్రప్పతో నేను మాట్లాడతా. నా వేళ్ళు తప్పు చెప్పినాయని అంటా. నువ్వు గమ్మునుండు.”

“తప్పు నాది కదత్తా.”

“ముసిల్దాని తప్పు ముసిల్దాంతోనే పోతాది. నీ తప్పయితే నీతో నలభై ఏండ్లు ఉంటాది. నా తర్వాత ఈ గడపలో కూర్చోవాల్సింది నువ్వు.”

మా ఆయన బొమ్మన్న గొర్రెలను తోలుకొని నీళ్ళున్న కాలువల వైపు పోయి మూడు నెలలైంది. సలహా అడగడానికి ఇంట్లో ఇంకెవరూ లేరు. అత్తను చెయ్యి పట్టి నడిపించుకుంటూ ఎర్రప్ప ఇంటికి వెళ్ళాను. ఆమె “నాయనా, నా వేళ్ళు...” అని మొదలుపెట్టింది. నేను అడ్డుపడ్డాను.

“వేళ్ళు సరిగ్గానే చెప్పినాయన్నా. కళ్ళు నావి. పేను పొక్కును చూసి పుండు అన్నా. బిడ్డను ఆస్పత్రికి తీసుకపోవాల.”

తిడతాడనుకున్నాను. ఎర్రప్ప తిట్టలేదు. లేచి వెళ్ళి వీధి తలుపు వేసి వచ్చాడు.

“ఈ మాట ఇంగెవరికి చెప్పినారు?”

ఆ ప్రశ్నతో నాకతని భయం అర్థమైంది. మా ఊళ్ళో చేను పనులు ముయ్యి మీద జరుగుతాయి. నీ చేనికి నేను వస్తే నా చేనికి నువ్వు రావాలి. వచ్చినవాళ్ళు ఆ ఇంటి కుండలో నీళ్ళు తాగుతారు, ఆ ఇంటి ముద్ద తింటారు. గండమాలకు ఆస్పత్రి మెట్లెక్కితే జనం క్షయ అంటారు. క్షయ ఉన్న ఇల్లని పేరు పడితే ఒక్క మనిషీ రాడు. అప్పటికి రెండేళ్ళుగా సరైన వాన లేదు. నాలుగు చేతులు తోడు లేకపోతే, వాన పడినా ఎర్రప్ప చేను బీడే.

పావగడ ఆస్పత్రికి ఎర్రప్ప, దాసమ్మ, నేను ముగ్గురమూ బస్సులో వెళ్ళాం. డాక్టరు పిల్ల మెడ మీది ఆకు విప్పి, ముక్కు ముడిచి, ఇదెవరి వైద్యమని కన్నడంలో అడిగాడు. నాదేనన్నాను. ఆయన నన్నొకసారి చూసి, తిట్టడం కూడా దండగనుకున్నట్టు తన పనిలో పడ్డాడు. పరీక్షలు చేయించాడు. గ్రంథులకు పట్టిన క్షయ అన్నాడు. ఇది పక్కన కూర్చున్నవాళ్ళకు అంటేది కాదు. ఏడాదికి పైగా మాత్రలు రోజూ మింగాలి. గడ్డలు కరిగాయని మధ్యలో మానేస్తే మళ్ళీ వస్తుంది, రెండోసారి ఈ మాత్రలకు లొంగకపోవచ్చు. ఆఖరి మాటను ఆయన రెండుసార్లు చెప్పాడు.

బస్‌స్టాండులో ఎర్రప్ప తన షరతు పెట్టాడు.

“మాత్రలు మీ ఇంట్లో పెట్టుకో. అది పొద్దున్నే నూనె పూయించుకునేదానికి వచ్చినట్లు వస్తాది. మెడకు ఆకు కట్టి పంపు. మీ నూనెతోనే కరిగినాయని జనం అనుకోవాల. బయటికి పొక్కిందా, ఆ పొద్దే మాత్రలు బంద్. ఆ తర్వాత దాని రాత.”

“మాటిస్తా,” అన్నాను.

మాట ఇచ్చేటప్పుడు దాసమ్మ ప్రాణం కోసమే ఇస్తున్నాననుకున్నాను. ఇల్లు చేరాక, గడప దాటుతుండగా, మనసు తేలికపడిందని గమనించాను. ఆ తేలిక పిల్ల గురించినది మాత్రమే కాదు. ఎర్రప్ప రహస్యంలో నా తప్పు కూడా దాగి ఉంది. అది బయటపడకుండా ఇకమీదట కాపలా కాసేది అతనే. నా సిగ్గుకు ఇంత మంచి కావలివాడు దొరికాడని లోపల ఎక్కడో సంతోషించాను.

ఆ విధంగా రోజులు గడిచాయి. పొద్దున్నే దాసమ్మ వచ్చేది. తలుపు వెనుక నిలబడి మాత్రలు మింగేది. తర్వాత నేను ఆకు వాడ్చి, నూనె రాసి, మెడకు కట్టేదాన్ని.

“అత్తా, మాత్రలు మింగినా కదా, ఇంగ ఈ ఆకెందుకు?”

“మీ నాయనకు.”

“అట్లయితే మా నాయన మెడకు కట్టు. ఈ కంపుకు మా మేక కూడా నా పక్కకు రాదు.”

మా అత్త నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. నవ్వుతూనే ముడి గట్టిగా వేసేదాన్ని.

జ్యేష్ఠానికి బిళ్ళలు సగానికి తగ్గాయి. ఆ నెలలోనే ఎర్రప్ప పంచలో విత్తనానికి కాయలు ఒలవడానికి ఆడవాళ్ళు కూడారు. దాసమ్మ కూడా వాళ్ళ మధ్య కూర్చొని ఒలిచింది. ఒక్కొక్కరూ పిల్ల మెడ తడిమి చూశారు. కెంచమ్మ చేతి నూనెకు గండమాల కూడా కరుగుతుందన్న మాట ఆ పంచలోనే పుట్టింది. పుట్టిన మాట మా ఊళ్ళో ఆగలేదు.

మెడ బిళ్ళలవాళ్ళు రావడం మొదలైంది. “తల్లి కనపడలేదు, ఆస్పత్రికి పోండి” అని పంపేసేదాన్ని. వాళ్ళు ఆస్పత్రికి పోయారో, ఇంకో ఊరి నూనె వెతుక్కున్నారో నేను విచారించలేదు. విచారించకపోవడం కూడా ఒక పనే. దాన్ని శ్రద్ధగా చేశాను.

ఆషాఢంలో, విత్తనం పడి మొలకలు వచ్చిన రోజుల్లో, తిరుమణి నుంచి నరసక్క అనే ఆమె వచ్చింది. కూలి చేసుకునే మనిషి. చంకలో అయిదారేళ్ళ కూతురు. పిల్ల మెడకు గుడ్డ చుట్టి ఉంది. విప్పి చూపింది. నాలుగు బిళ్ళలు. ఒకటి పగలడానికి సిద్ధంగా, మీద చర్మం నీలంగా మారి ఉంది.

మా అత్త తడమలేదు. నేను వర్ణించింది విని తల అడ్డంగా తిప్పింది.

“ఈ బిళ్ళ మాది కాదక్కా,” అన్నాను. “పావగడ ఆస్పత్రికి పో. ఈ పొద్దే పో.”

నరసక్క కదల్లేదు. తెచ్చిన గింజల మూటను నా ముందు పెట్టింది. “పూయి తల్లీ. ఎన్ని దినాలైనా ఈ అరుగు మీదే పడుంటా.”

“పూస్తే పోయేది కాదు.”

“ఎర్రప్ప బిడ్డకు ఎట్ల పోయింది మరి?”

నేను మూటను ఆమె వైపు జరిపాను. ఆమె గొంతు పెరిగింది.

“ఆయప్పకు చేన్లుండాయి, మాకు లేవు, అంతే కదా? మీ నూనె చేన్లుండేవాళ్ళ గొంతులకే అంటుతాదా? కూలోళ్ళ బిడ్డయితే ఆస్పత్రికి పొమ్మంటావు. ఆడ మమ్మల్ని మనుషుల మాదిరి చూస్తారా? అట్ల చూస్తే నీ గడపకెందుకొస్తా!”

ఎదురింటి అరుగు మీద ఆడవాళ్ళు చేరారు. అదే వేళకు దాసమ్మ వచ్చింది. నరసక్క ఆమెను చూసి, వేలు చాపి, “ఇదో, సాక్ష్యం నడిచొచ్చింది. ఈ మెడ కరిగిందా లేదా? చెప్పు!” అంది.

నా ముందు రెండు మెడలు ఉన్నాయి. నోరు విప్పితే ఒకదానికి మాత్రలు ఆగిపోతాయి. విప్పకపోతే రెండోది పగులుతుంది. ఈ లెక్క తెగేది కాదని, తెగని లెక్క ముందు మౌనంగా ఉండడం తప్పు కాదని మనసు వాదించింది. వాదన బాగానే ఉంది. అంతలో నా చేతుల సంగతి గమనించాను. నాకు తెలియకుండానే ఆ చిన్న పిల్ల జుట్టు పాయలు తీస్తున్నాయి. పేను పొక్కు ఒకటి దొరికితే చాలు, తొమ్మిది రోజులు గడువు దొరుకుతుంది. కార్తీకంలో నాతో అబద్ధమాడించింది ఏదో, అది అక్కడే, నా వేళ్ళ కొసల్లో, చెక్కు చెదరకుండా ఉంది.

చేతులు వెనక్కు తీసుకున్నాను. “నరసక్కా...” అన్నాను. ఆ తర్వాతి మాట రాలేదు.

దాసమ్మ నా ముఖం చూసింది. నా పక్కనుంచి లోపలికి వెళ్ళింది. మాత్రల డబ్బా పట్టుకొని గడప బయటికి వచ్చింది. మెడ మీద నిన్నటి ఆకు అప్పటికీ ఉంది. దాన్ని పీకి నేల మీద వేసింది.

“అక్కా, నన్ను బాగుచేస్తాండేది ఈ ఆకు కాదు. ఇదో, ఇవి.”

“ఏందివి?”

“టీబీ మాత్రలు. నాకు టీబీ ఉండాది.”

ఎదురు అరుగు మీద ఒకామె లేచి నిలబడింది. ఇంకొకామె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. ఇన్నాళ్ళూ ఆ రహస్యం ఎర్రప్పదనీ నాదనీ అనుకున్నాను. మేమిద్దరమూ దాన్ని పంచుకొని, కాపాడుకొని, బరువని నిట్టూర్చాం. అది పుట్టింది ఈ పిల్ల మెడలో. మింగేది ఈ పిల్ల. చెప్పాలా వద్దా అని ఆమెను ఎవరమూ అడగలేదు.

అప్పుడు నాకు గొంతు వచ్చింది.

“అది చెప్పింది నిజం. ఈ ఆకు ఉత్తది. నేనే కట్టి పంపిస్తాంటి. కార్తీకంలో పుండు లేకుండానే ఉండాదని చెప్పింది నేనే. మా అత్త తప్పు లేదు, నూనె తప్పు లేదు. నలభై దినాలు బిడ్డకు చేటు చేసింది నేను.”

మా అత్త గోడకు ఆనుకొని కూర్చొని ఉంది. గమ్మునుండమని నన్ను ఆపిన మనిషి. చెవి ఇటు తిప్పి, “ఇంగా గట్టిగా చెప్పు అమ్మీ,” అంది. “ఆ కడ ఇంటికి వినపడలేదు.”

మళ్ళీ చెప్పాను. వీధి చివరి దాకా వినిపించేలా చెప్పాను.

నరసక్క మూట ముడి వేసుకుంది. కోపం పోయిన ముఖంలో అలసట మిగిలింది. “ఆ ఆస్పత్రిలో ఎవరినడగాల?” అంది దాసమ్మతో.

“పన్నెండు గంటల బస్సుకు పోదాం రా. నేనూ మాత్రలు తెచ్చుకోవాల. డాక్టరప్ప కసురుతాడు, భయపడొద్దు. అందరినీ కసురుతాడు.”

ఆ బస్సు రాకముందే ఎర్రప్ప వచ్చాడు. చేను దాకా కబురు నడిచిందో పరుగెత్తిందో తెలియదు. చేతిలో గుంటక ఎద్దులను తోలే ములుకోల కర్ర అలాగే ఉంది.

“మాటిచ్చినావు.”

“ఇచ్చినా. తప్పినా.”

“ఆ డబ్బా ఇట్లియ్యి.”

డబ్బా అప్పటికి నా చేతిలో ఉంది. “ఇయ్యనన్నా. ఇది నీ పేరుతో ఇచ్చింది కాదు.”

“నా బిడ్డ అది!”

“నీ బిడ్డే. బతకనీ.”

అతను కూతురి వైపు తిరిగాడు. “రేపట్నుంచి ఈ గడప తొక్కితే కాళ్ళిరగ్గొడతా.”

“ఇరగ్గొట్టు నాయనా. దేకుతా వస్తా.”

ములుకోల లేచింది. మా అత్త ఎప్పుడు లేచిందో లేచి, గోడ పట్టుకొని, తడుముకుంటూ ఇద్దరి మధ్యకు వచ్చి నిలబడింది. కళ్ళు కనిపించని మనిషి సరిగ్గా కర్ర కిందకే వచ్చింది. ఎర్రప్ప చెయ్యి దించాడు. దించిన తర్వాత అతని గొంతు మారింది.

“ఎవరొస్తారు పెద్దమ్మా మా చేనికి? కలుపుకు ఎవరొస్తారు? కాయలు పీకేదానికి ఎవరొస్తారు? ఈ యేడు కూడా పోతే మేము యాడికి పోవాల?”

దానికి జవాబు దాసమ్మ దగ్గర ఉంది.

“నేను ఒలిచిన గింజలు చేన్లో మొలిచినాయి కదా నాయనా. నా పక్కన కూర్చొని ఒలిచినోళ్ళు అదో, ఆ అరుగు మీదే ఉండారు. ఎవరికేమైంది?” ఎదుటి అరుగు వైపు తిరిగి, “చెప్పండి, ఎవరికైనా మెడ వాచిందా?” అని అరిచింది.

కొంగు అడ్డం పెట్టుకున్నామె దాన్ని దించిందో లేదో నాకు గుర్తు లేదు. దించిందని రాయాలని ఉంది కాబట్టి రాయడం లేదు.

ఆ రోజు వాళ్ళు ముగ్గురూ బస్సెక్కారు. ఎర్రప్ప ఆపలేదు, తోడు వెళ్ళలేదు.

ఆ తర్వాత మా గడప వెలవెలబోయింది. ముల్లు దిగి గజ్జల్లో బిళ్ళ కట్టినవాళ్ళు కూడా మా వీధి తప్పించి వేరే దారిన పోయారు. కొందరు నన్ను అబద్ధాలకోరు అన్నారు. అన్నది నిజమే కాబట్టి ఎదురు చెప్పలేదు. ఎర్రప్ప చేనికి కలుపుకు ఇద్దరే వచ్చారు. అందులో ఒకదాన్ని నేను. అతను నాతో మాట్లాడలేదు. నేను కలుపు తీసిన సాలును తప్పుబట్టి మళ్ళీ తియ్యనూ లేదు.

కానీ అవన్నీ తర్వాతి మాటలు. ఆ మరునాటి ఉదయం సంగతి చెప్పాలి.

మాత్రలు ఇకమీద తలుపు వెనుక ఇవ్వకూడదని రాత్రే నిశ్చయించుకున్నాను. పొద్దున లేచి అరుగు ఊడ్చి, నీళ్ళ చెంబు, డబ్బా నలుగురికీ కనిపించేలా అక్కడ పెట్టాను. ఎదురింటి వాళ్ళు పనులు మానుకొని చూస్తున్నారు. ఆ పిల్ల వస్తుందో రాదో నాకు తెలియదు. రాకపోతే డబ్బా తీసుకొని నేనే వాళ్ళ గుమ్మం ముందు కూర్చోవాలని అనుకున్నాను.

దాసమ్మ వీధి మధ్యలో నడుచుకుంటూ వచ్చింది. మెడకు ఆకు లేదు, గుడ్డ లేదు. జడను కూడా కుడి భుజం మీదికి వేసుకొని ఎడమ పక్క మొత్తం తెరిచి పెట్టుకుంది. పది బారల వెనుక ఎర్రప్ప వస్తున్నాడు. వీధి మలుపులో ఆగిపోయాడు. దగ్గరికి రాలేదు, వెనక్కు పోలేదు.

ఆమె అరుగెక్కి కూర్చుంది. మాత్రలు ఒక్కొక్కటిగా నోట్లో వేసుకొని నీళ్ళు తాగింది. ఆపైన ఎదురింటి వైపు తిరిగి, నోరు బారెడు తెరిచి, నాలుక బయటికి చాపి, ఎడమ నుంచి కుడికి అందరికీ కనిపించేలా తల తిప్పింది. మలుపులో ఉన్న తండ్రి వంతు వచ్చినప్పుడు ఇంకొంచెం ఎక్కువసేపు ఉంచింది.

“రేపు ఇంకా బిరీన వస్తా అత్తా,” అంది చెంబు బోర్లిస్తూ. “బడి గంట కొట్టేస్తాండారు.”